మంచు కింద ముందే కట్టిన మొగ్గ

చలిదేశాల ఇంటితోటల్లో వసంతం కంటే ముందే వచ్చే స్నోడ్రాప్, క్రోకస్, డాఫొడిల్, వాటి వెనకే వచ్చే ట్యులిప్, అన్నీ నేలలో దాగిన గడ్డల నుంచి లేచేవే. చెట్లు చిగురించకముందే పూయడం, పైన నీడ కమ్ముకునేలోగా ఆ ఏటి సంపాదన ముగించుకుని మళ్లీ మట్టిలోకి వెళ్లిపోవడం వీటి పద్ధతి. జనవరి, ఫిబ్రవరి నెలల బలహీనమైన ఎండతో అప్పటికప్పుడు తిండి తయారుచేసుకుని పూయడం ఏ మొక్క వల్లా కాదు. నిరుడు దాచుకున్నది ఉండాలి.

ఆ దాపు ఎలా ఉంటుందో చూడాలంటే వంటింట్లో ఉల్లిగడ్డను నిలువుగా కోస్తే సరిపోతుంది. అడుగున, వేళ్లు పుట్టేచోట గట్టిగా ఉండేది కుదించుకుపోయిన కాండం. దాని మీద ఒకదాన్నొకటి చుట్టుకున్న పొరలు నిజానికి ఆకులే, తిండి నింపుకుని లావెక్కిన ఆకులు. నడిమధ్యన మొలక. డాఫొడిల్, ట్యులిప్, స్నోడ్రాప్ గడ్డల కట్టుబడి కూడా ఇదే. క్రోకస్ మాత్రం వేరు. దానికి పొరలు ఉండవు, కోస్తే చేమదుంపలా లోపలంతా నిండుగా ఉంటుంది. అంగళ్లవాళ్లు ఈ తేడా పట్టించుకోరు, అన్నిటినీ బల్బులనే అమ్ముతారు.

అక్టోబరులో నాటడానికి తెచ్చిన డాఫొడిల్ గడ్డ ఒకదాన్ని పాడైనా ఫరవాలేదనుకుని కోసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. తెల్లటి పొరల మధ్య, పాలిపోయిన ఆకుమొనల నడుమ చిన్న మొగ్గ. భూతద్దం పెడితే రెక్కలు, కేసరాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. పూత ముగిసిన కొద్దికాలానికే, ఎండాకాలం మొదట్లోనే, డాఫొడిల్ తన లోపల మరుసటి ఏటి పువ్వును కట్టేసుకుంటుంది. ట్యులిప్ ఆ పని జులై, ఆగస్టుల్లో చేస్తుంది. కాబట్టి మార్చిలో ఇరుగుపొరుగు మెచ్చుకునే పువ్వు ఆ మార్చిది కాదు. అది నిరుటి ఆకుల కష్టార్జితం, కొత్తగా కొన్న గడ్డ అయితే ఏ డచ్చి రైతు పొలంలోనో జరిగిన కష్టం.

మొగ్గ సిద్ధంగా ఉన్నంత మాత్రాన గడ్డ లేవదు, దానికి చలి కావాలి. ట్యులిప్‌కు దాదాపు 12 నుంచి 16 వారాలపాటు 10 డిగ్రీల లోపు చలి తగలాలి. ఆ వారాల్లో పైకి ఏమీ కనిపించదు గానీ, కింద వేళ్లు దిగుతుంటాయి, పొరల్లోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంటుంది. ఆ చక్కెర మొలకకు తిండి, గడ్డకట్టే చలి నుంచి రక్షణ కూడా. చలి చాలకపోతే కాడ సాగదు. పువ్వు ఆకుల మధ్యే కుదించుకుపోయినట్టు విచ్చుకుంటుంది, లేదా లోపలే ఎండిపోతుంది.

ముందు వచ్చేది స్నోడ్రాప్. ఇంగ్లండ్‌లో జనవరి చివరికల్లా కనిపిస్తుంది. దాని ఆకుల మొనలు గట్టిపడి ఉంటాయి కాబట్టి గడ్డకట్టిన మట్టిని పొడుచుకుని రాగలదు. మంచు బాగా పడిన తెల్లవారుజామున మొక్కలన్నీ వేడినీళ్లు పోసినట్టు నేలకు వాలిపోయి ఉంటాయి. కొత్తవాళ్లు అది చూసి పోయాయనుకుంటారు. పొద్దెక్కి కాస్త వెచ్చబడగానే మళ్లీ నిటారుగా లేచి నిలబడతాయి. ఈ పువ్వు పిచ్చి పట్టినవాళ్లు బ్రిటన్‌లో ఒక ప్రత్యేకమైన జాతి. పచ్చటి చుక్క ఉండాల్సిన చోట పసుపు చుక్క ఉందని ఒకే ఒక్క గడ్డకు 2015లో 1,390 పౌండ్లు పెట్టారు. దూరం నుంచి చూస్తే పక్కనున్న మామూలు మొక్కకూ దీనికీ తేడా తెలియదు. స్నోడ్రాప్ జాతి మొక్కల్లో దొరికే గాలంటమిన్ అనే పదార్థం మాత్రం నిజంగానే విలువైంది. అల్జీమర్స్ రోగులకు దాన్ని మందుగా వాడటానికి అమెరికా 2001లో అనుమతించింది.

తర్వాత క్రోకస్. ఇది వేడిని బట్టి విచ్చుకుని ముడుచుకునే పువ్వు. ఎండ పడితే గిన్నెలా తెరుచుకుంటుంది, మబ్బు పట్టి చల్లబడితే మూసుకుంటుంది. నిద్రలేచి ఆకలి మీదున్న తుమ్మెద రాణులకు ఆ దినాల్లో దొరికే కొద్దిపాటి పుప్పొడిలో ఇదొకటి. నేల కింద దీని వ్యవహారం ఇంకా చిత్రం. ఏటా పాత దుంప కృశించిపోయి, దాని నెత్తినే కొత్త దుంప పుడుతుంది. అలా ఏటికేడు పైకి జరిగితే కొన్నాళ్లకు నేల మీదకు వచ్చేయాలి. రాదు, ఎందుకంటే కొత్త దుంప లావుపాటి వేళ్లు కొన్నిటిని కిందికి దింపుతుంది. అవి పట్టు దొరికాక ముడతలు పడి కురచబడుతూ దుంపను కిందికి లాక్కుంటాయి. కాశ్మీరులోని పాంపోర్‌లో కుంకుమపువ్వునిచ్చేది కూడా క్రోకసే, కాకపోతే అది పూసేది అక్టోబరు, నవంబరుల్లో.

డాఫొడిల్ వచ్చేసరికి ఎవరూ సందేహించనక్కర్లేనంత వసంతం. ఉడతలు ట్యులిప్ గడ్డలనూ క్రోకస్ దుంపలనూ తవ్వుకుని తింటాయి, జింకలు ట్యులిప్ మొగ్గలను కొరుకుతాయి. డాఫొడిల్‌ను మాత్రం అవి ముట్టుకోవు. అందులో లైకోరిన్ అనే విషం ఉంది. ఉల్లిగడ్డ అనుకుని కూరలో వేసుకుంటే మనుషులకూ వాంతులే. న్యూజెర్సీ వంటి చోట్ల జింకలతో వేగలేక విసిగిన తెలుగు ఇళ్ల ముందు చివరికి మిగిలే పువ్వు ఇదే.

నాటడంలో పెద్ద విద్యేమీ లేదు. నేల చల్లబడ్డాక, గట్టిగా గడ్డకట్టకముందు, గడ్డ ఎత్తుకు రెండు మూడింతల లోతున, మొన పైకి ఉండేలా పెట్టాలి. నీరు నిలవకూడదు, ఎందుకంటే ఈ గడ్డలు చలికి చచ్చేదానికంటే తడికి కుళ్లేది ఎక్కువ. వరసలు కట్టి సైనికుల్లా నాటే అలవాటు మాత్రం మానుకోవాల్సిందే. గుప్పెడు గడ్డలు విసిరి, ఎక్కడ పడ్డవి అక్కడే పాతితే తోటకు అందం.

అసలు పరీక్ష పూలు రాలాక వస్తుంది. వాడిన పువ్వును తుంచేయాలి, లేకపోతే బలం గింజకు పోతుంది. ఆకును మాత్రం ముట్టుకోకూడదు. అది పచ్చగా ఉన్న ఆరు వారాల్లోనే వచ్చే ఏటి పువ్వుకు కావలసిన తిండి గడ్డకు చేరుతుంది. పసుపు తిరిగి, నేలకు పడి, చూడటానికి అసహ్యంగా ఉంటుందని కొందరు కోసేస్తారు, ఇంకొందరు జడలల్లి ముడి వేస్తారు. జడ వేస్తే ఎండ తగిలే ఆకు మేర తగ్గిపోతుంది, అదీ కోసినట్టే. డాఫొడిల్ ఆకే వచ్చి పువ్వు రాలేదని వాపోయే ఇళ్లలో చాలావరకు నిరుడు లాన్ మిషన్ తొందరపడి ఉంటుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ట్యులిప్ పూయించాలంటే మొగ్గ లేవడానికి కావలసిన చలిని ఫ్రిజ్‌లోనే ఇవ్వాలి. ఆ మూడు నాలుగు నెలలూ గడ్డల పక్కన అరటి, ఆపిల్ పండ్లు పెట్టకూడదు. పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను మాడ్చేస్తుంది. ఇన్ని పాట్లూ ఒక్క పూతకే. మన ఎండల్లో ఆ గడ్డ మళ్లీ బలం పుంజుకోదు.

ఆ శ్రమ మన గడ్డల మీద పెట్టడం మేలు. మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీకి చలితో పని లేదు, కొన్ని నెలల పొడి విశ్రాంతి చాలు. వానాకాలమంతా దాని ఆకు సంపాదిస్తుంది, చలికాలంలో పండి పడిపోతుంది. చచ్చిపోయిందనుకుని కుండీ బోర్లించేసేది అప్పుడే. నీళ్లు ఆపి, కుండీని ఎండ నేరుగా పడని మూలకు జరిపి, ఏప్రిల్‌లో మొన కనిపించాక మళ్లీ తడిపితే సరిపోతుంది.