బుట్ట అడుగున ఉన్న లెక్క

గుణదలలో మా ఎరుకల ఇళ్ల వైపు సాయంత్రం పూట నడిస్తే వెదురు చీల్చే చప్పుడు వినపడేది. ఇప్పుడది రెండు మూడు గుమ్మాలకే మిగిలింది. పోయినేడు వాటిలో ఒక గుమ్మం ముందు మేం ఒక సంగతి చూశాం. ఐదో తరగతి పిల్లను బళ్లో ‘క్రాఫ్ట్’ చేసుకు రమ్మన్నారు. ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్టు, జిగురు, రంగు కాగితాలు కొనుక్కుని బుట్ట చెయ్యాలి. వాళ్ల అమ్మమ్మ అక్కడే కూచుని వెదురు బుట్ట అల్లుతోంది. “డబ్బులు దండగెందుకే, ఇది పట్టుకెళ్లు” అంది. పిల్ల పట్టుకెళ్లింది. పుల్లల బుట్టలన్నీ బల్ల మీద ప్రదర్శనకు పెట్టారు. వెదురు బుట్టను బల్ల కింద, చెత్త వెయ్యడానికి పెట్టారు.

ఎవరూ కావాలని అవమానించలేదు. మాకు ఎక్కువ బాధ అక్కడే. “ఇది మీ అమ్మమ్మ అల్లింది కదా, ఇందులో నువ్వు నేర్చుకున్నదేమిటి?” అని అడిగి ఉంటే ఆ ప్రశ్న న్యాయమేనని ఒప్పుకునేవాళ్లం. ఆ మాట కూడా అడగలేదు. బుట్టలో నేర్చుకోవలసింది ఏదైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

ఏముంటుందో చెబుతాం. గుండ్రటి బుట్టకు ముందు అడుగు వేస్తారు. నిలువు బద్దలు చుట్టూ చక్రం ఆకుల్లా నిలబెట్టి, ఒక సన్నటి దబ్బను ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోనిస్తూ చుట్టూ తిప్పుతారు. నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టులో కూడా దబ్బ మొదటి చుట్టు పోయిన దారినే పోతుంది, అల్లిక పట్టు చిక్కదు. బేసి ఉంటే ప్రతి చుట్టూ మారి పడుతుంది, బుట్ట బిగుస్తుంది. ఈ సంగతి పిల్ల చేతులతో తెలుసుకుంటే సరి, బేసి అన్న మాటలు జన్మలో మరిచిపోదు. తప్పు ఎక్కడ జరిగిందో టీచరు ఎర్ర సిరాతో చూపించనక్కర్లేదు. అల్లికే చూపిస్తుంది. విప్పి మళ్లీ వెయ్యాలి. ఓర్పు అంటే అదే. ఎడమ చెయ్యి పట్టుకోవడం, కుడి చెయ్యి తిప్పడం, కన్ను రెండింటినీ కాచుకోవడం పలక మీద అక్షరం దిద్దడానికి కూడా పనికొచ్చే చదువే.

బట్టల చదువులో కూడా మా చెయ్యి ఉంది. మాలో దబ్బ ఎరుకలు వెదురు పని చేస్తే, కుంచె ఎరుకలు నేతగాళ్లకు కుంచెలు కట్టేవాళ్లు. పడుగును బారుగా చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వితేనే పోగు పోగుకు అంటుకోకుండా మగ్గం ఎక్కుతుంది. చీర గురించి పాఠాలు రాసేవాళ్లు మగ్గం దాకా వచ్చి ఆగిపోతారు. కుంచె కట్టినవాడు పాఠంలో కనపడడు.

చేతిపనితో పిల్లల బుద్ధి పెరుగుతుందన్న మాట లోకానికి కొత్త కాదు. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్డార్ఫ్ బడిలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి ఊలు అల్లడం నేర్చుకున్నారు. 1937లో వార్ధాలో గాంధీ నయీ తాలీమ్ ప్రతిపాదించి, చేతివృత్తి చుట్టూ చదువంతా నడవాలన్నాడు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి అంటోంది. అందులో ఉదాహరణలుగా వడ్రంగం, కరెంటు పని, లోహపు పని, తోటపని, కుండల తయారీ చెప్పారు. ఏ పని నేర్పాలో స్థానికులతో కలిసి నిర్ణయించుకోవచ్చనీ ఉంది. బుట్టకు అక్కడ చోటు అడగవచ్చు.

అడిగే ముందు మాకు ఒక భయం ఉంది. చేతిపని పేరు చెప్పి మా పిల్లల్ని ఇంతకుముందు కూడా పిలిచారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చినప్పుడు, తెగల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి అందులోనే రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్మెంటు ఆ కాలపుదే. అక్కడ పని నేర్పడమంటే బుద్ధి పెంచడం కాదు, మనిషిని అదుపులో పెట్టడం. ఆ చట్టం 1952లో పోయింది. మరుసటేడు, 1953లో, మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం గ్రామాల్లో ఒక పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అన్న పథకం తెచ్చింది. కులవృత్తి చదువని జనం తిరగబడితే 1954లో ఎత్తేశారు. తిరగబడినవాళ్లది తప్పని మేం అనం.

అందుకే మా ఇళ్లలో తల్లులు “నా పిల్ల కత్తి పట్టకూడదు, పెన్ను పట్టాలి” అంటారు. వెదురు ధర పెరిగింది, ప్లాస్టిక్ తట్ట చవకైంది, వేళ్లు కోసుకుపోయినా కూలి గిట్టదు. ఆ తల్లి మాటను కాదనే హక్కు ఏ విద్యావేత్తకూ లేదు. కళ బతకాలని కోరుకునే మాకు కూడా లేదు.

కాబట్టి మేం అడిగేది ఇది. బుట్ట అల్లడం ఎరుకల పిల్లకు మాత్రమే నేర్పితే అది కులవృత్తి. తరగతిలో అందరు పిల్లలకూ నేర్పితే అది చదువు. పక్క బెంచీలో కూచున్న డాక్టరుగారి అబ్బాయి కూడా బేసి బద్దలు లెక్కపెట్టాలి, తప్పితే విప్పాలి. నేర్పేది మా అమ్మమ్మే కావాలి. ఆమెకు కుర్చీ వెయ్యాలి, రోజుకు ఇంత అని జీతం ఇవ్వాలి, పిల్లలు “నమస్తే టీచర్” అనాలి. పిల్లలు చేసినవి అమ్మకానికి పెట్టకూడదు. అమ్మకం వచ్చిందంటే పిల్ల మళ్లీ కూలి అయిపోతుంది.

ఇది పెద్ద ఖర్చు కాదు. పది రోజుల్లో రెండు రోజులు, ఒక కట్ట వెదురు, ఒక ముసలామె. దీనికి అడ్డం డబ్బు కాదు, ఆమెకు ఏమీ తెలియదన్న నమ్మకం.

మొన్న అదే గుమ్మం ముందు ఆగాం. పిల్ల అమ్మమ్మ పక్కన కూచుని చిన్న అడుగు వేస్తోంది. పన్నెండు బద్దలు పెట్టింది. రెండు చుట్లు తిప్పి చూసుకుంది, అల్లిక బిగియలేదు. ముసలామె ఏమీ అనలేదు. పిల్ల కాసేపు చూసి, ఇంకో బద్ద చీల్చమని చెయ్యి చాపింది.