పక్కన పరుగెత్తే మనిషి

రేసుకు ముందురోజు సాయంత్రం బాబాయి గారు వేలెడు వెడల్పున కాగితం పట్టీ ఒకటి కత్తిరించి దానిమీద బాల్‌పెన్‌తో అంకెలు వేస్తారు. ఐదో కిలోమీటరు దగ్గర ఇంత, పదో కిలోమీటరు దగ్గర ఇంత అని మొత్తం ఐదు వరసలు. చెమటకు సిరా కారిపోకుండా పైన సెలోటేపు అంటించి మణికట్టుకు చుట్టుకుంటారు. రెండో చేతికి జీపీఎస్ గడియారం ఎలాగూ ఉంటుంది. అయినా పట్టీ ఉండాల్సిందే. ఎందుకని ఒకసారి అడిగాను. "గడియారం జరిగింది చెబుతుంది తల్లీ. జరగాల్సింది ఇందులో ఉంటుంది" అన్నారు.

ఏ.ఎస్. రావు నగర్‌లో మాదీ వారిదీ ఒకే వీధి. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన మనిషి. 1967లో ఆ సంస్థకు ప్రాణం పోసిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరే మా కాలనీకి పెట్టుకున్నారు. రాధిక చౌరస్తా నుంచి సైనిక్‌పురి దాకా, అటు కాప్రా చెరువు దాకా, తెల్లవారుజామున పాల వ్యాన్లు తిరిగే వేళకు మా పరుగు మొదలవుతుంది. ఎదురింటి అక్క, బ్యాంకులో పనిచేసే తమ్ముడు, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు, నేను. నలుగురికీ పేసర్ బాబాయి గారు.

పేసర్ అంటే అనుకున్న సమయానికి మనల్ని గీత దాటించేవాడు. పెద్ద రేసుల్లో వీళ్ళు సమయం రాసిన జెండా పట్టుకుని పరుగెత్తుతారు. వెనక చేరిన గుంపును రన్నర్లు బస్ అంటారు. రెండున్నర గంటల బస్, రెండుంబావు బస్. దూరం నుంచి చూస్తే ఆ జెండా మనిషి పెద్దగా పనేమీ చేస్తున్నట్టు ఉండడు. అందరూ రొప్పుతుంటే తను తీరిగ్గా కబుర్లు చెబుతూ పోతుంటాడు. ఆ తీరిక వెనక ఎంత పనితనం ఉందో బాబాయి గారి పక్కన పరుగెత్తాకే నాకు తెలిసింది.

మేం ఎంచుకున్నది మన ఊరి రేసే, హైదరాబాద్ మారథాన్. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ సంఘం ఏటా ఆగస్టు చివర్లో దీన్ని నడుపుతుంది. మాది హాఫ్, అంటే 21.0975 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజాలో బయల్దేరి, రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, దుర్గం చెరువు తీగల వంతెన మీదుగా గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి చేరాలి. ఫ్లైఓవర్లు, ఎక్కుళ్ళు, దిగుళ్ళు. వాటికి తోడు వానాకాలపు ఉక్క. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఈ దారిలో రెండున్నర గంటలకు సరిగ్గా చేర్చడం లెక్కతో పాటు నేర్పు కూడా కావలసిన పని.

ముందు లెక్క చూద్దాం. రెండున్నర గంటలను దూరంతో భాగిస్తే కిలోమీటరుకు 7 నిమిషాల 6 సెకన్ల పైచిలుకు వస్తుంది. గడియారంలో ఆ 7:06 చూసుకుంటూ పోతే చాలని నేననుకునేదాన్ని. చాలదు. రేసు దారిని కొలిచేవాళ్ళు మలుపుల్లో అతి దగ్గరి గీత పట్టుకుని కొలుస్తారు. దూరం తగ్గిపోకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. గుంపులో మనం ఆ గీత మీదే పరుగెత్తలేం. నీళ్ళ బల్ల కోసం ఎడమకు జరుగుతాం, నడిచేవాళ్ళను తప్పించుకోవడానికి కుడికి జరుగుతాం. చివరికి చూస్తే గడియారం 21.3 కిలోమీటర్లు చూపిస్తుంది. అంటే 7:06ను నమ్ముకున్నవాడు గీత దగ్గరికి నిమిషానికి పైగా ఆలస్యంగా చేరతాడు. అందుకే బాబాయి గారు గడియారం లెక్కను 7:02 దగ్గర పెట్టుకుంటారు. పైగా అరనిమిషం చేతిలో ఉంచుకుంటారు. ఆయన పట్టీ మీద చివరి అంకె 2:29:30. తను సమయానికి చేరితే సరిపోదు, నాలుగడుగులు వెనకున్న ఎదురింటి అక్క కూడా చేరాలి. ఆ అరనిమిషం ఆమె కోసం.

రెండోది చెవి. ఆదివారాల లాంగ్ రన్‌లో, యాప్రాల్ వైపు ఎత్తుపల్లాల్లో, ఆయన హఠాత్తుగా అడుగుతారు: "ఇవాళ ఇంట్లో వంటేంటి తల్లీ?" మొదట్లో ఊసుపోక అడుగుతున్నారనుకున్నాను. "గుత్తివంకాయ కూర, చారు, అప్పడాలు" అని ఒక్క ఊపున చెబితే వేగం అలాగే ఉంచుతారు. "గుత్తివంకాయ" అని ఆగి ఊపిరి తీసుకుంటే ఏమీ అనకుండా అడుగు తగ్గిస్తారు. పూర్తి వాక్యం పలకగలిగినంత వరకూ ఒంటికి ప్రాణవాయువు సరిపోతున్నట్టు. మాట ముక్కలైతే అప్పు మొదలైనట్టు. ఛాతీకి పట్టీ కట్టి గుండె వేగం కొలిచే పరికరాలు ఉన్నాయి. బాబాయి గారు నలుగురి మాటా వింటూ నలుగురినీ కొలుస్తారు.

రేసు రోజున తెల్లవారకముందే పీపుల్స్ ప్లాజా జనంతో నిండిపోయింది. డప్పులు, పాటలు, కేకలు. ఆ హోరులో ఎవరి కాళ్ళైనా వాటంతటవే లేస్తాయి. అంతకుముందు నేను ఒంటరిగా వెళ్ళిన ఒక రేసులో అలాగే లేచి, మొదటి ఐదు కిలోమీటర్లు గాలిలో తేలి, చివరి ఐదూ నడిచాను. కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్‌ను మొదట్లో దుబారా చేస్తే చివర అడిగినా దొరకదు. ఈసారి మొదటి కిలోమీటరు బాబాయి గారు 7:20లో నడిపించారు. పక్కనుంచి వందల మంది దాటిపోతున్నారు. ఇంజినీరింగ్ కుర్రాడికి కాలు నిలవడం లేదు. "అంకుల్, ఇంకొంచెం పెంచుదామా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయన తల తిప్పకుండానే "పంజాగుట్ట దాటాక అడుగు నాన్నా" అన్నారు. పంజాగుట్ట దాటాక వాడు అడగలేదు.

బాబాయి గారి ఆ జవాబు విన్నప్పుడు నాకు 1954 మే 6 గుర్తొచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తిన సాయంత్రం. ముందు పరుగెత్తి దారి చూపినవాళ్ళు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే. మొదటి చుట్టులోనే బానిస్టర్ ఉత్సాహం పట్టలేక ఇంకా వేగంగా వెళ్ళమని వెనకనుంచి అరిచాడు. బ్రాషర్ తన అడుగు మార్చలేదు. ఆ చుట్టు 57.5 సెకన్లలో పూర్తయింది, అవసరానికి తగినంత వేగంగానే. చివరి సమయం 3:59.4. చరిత్ర బానిస్టర్ కాళ్ళను మెచ్చుకుంది, అది న్యాయమే. బ్రాషర్ ఆ కేకకు లొంగకపోవడాన్ని కూడా నేను అంతే మెచ్చుకుంటాను. పేసర్ పనితనమంతా ఆ అదుపులోనే ఉంది. వేగం రన్నర్‌ది, దాన్ని ఎప్పుడు ఖర్చుపెట్టాలో తెలిసిన చెయ్యి పేసర్‌ది.

పంజాగుట్ట నుంచి చెక్‌పోస్ట్ దాకా ఎక్కుడు. బాబాయి గారు అక్కడ గడియారం వైపు చూడరు. చూపు పదడుగుల ముందు రోడ్డు మీద, అడుగు చిన్నది, చేతుల ఊపు కొంచెం ఎక్కువ. ఎక్కేటప్పుడు వేగం ఒకేలా ఉంచాలని చూస్తే శ్రమ రెట్టింపవుతుంది. శ్రమను ఒకేలా ఉంచి వేగాన్ని దాని దారిన తగ్గనివ్వాలి. పదో కిలోమీటరును మేం 1:12:20కి దాటాం. సమాన వేగం లెక్కన అక్కడికి 1:11:06కే చేరాలి. నాకు గుండె గుభేలుమంది. ఆయన మణికట్టు నా ముందు పెట్టారు. పట్టీ మీద ఆ వరసలో ఉన్నది 1:12:30. ఆ నిమిషం పైచిలుకు పోగొట్టుకున్నది కాదు, ముందురాత్రే ఆ ఎక్కుడు పేర రాసిపెట్టినది.

దిగుడులో ఇంకో తీరు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీద పల్లం రాగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా దూకుతారు. మడమ బలంగా కొట్టుకుని తొడ కండరాలు దెబ్బతినేది అక్కడే. ఆయన మమ్మల్ని దూకనివ్వలేదు, పట్టి ఆపనూ లేదు. పోయిన సెకన్లను కిలోమీటరుకు ఎనిమిది, పది చొప్పున వసూలు చేసుకుంటూ వచ్చారు. నీళ్ళ బల్లల దగ్గరా అంతే పొదుపు. మొదటి బల్ల దగ్గర జనం మూగుతారు కాబట్టి చివరి బల్లకు తీసుకెళ్ళేవారు. పది అడుగులు నడవమనేవారు. పొలమారకుండా రెండు గుక్కలు తాగి, మిగతాది మెడ మీద పోసుకుని మళ్ళీ పరుగు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఆయన నిలిచే చోటు. పేసర్ అంటే ముందుండేవాడనుకుంటాం. ఆయన ఒక్కరోజూ నా ముందు పరుగెత్తలేదు. అరడుగు ముందున్నా సరే, వెనకవాళ్ళు తెలియకుండానే తరమడం మొదలుపెడతారు. ముందున్నవాడు తనకు తెలియకుండానే వేగం పెంచుతాడు. అందుకని సరిగ్గా భుజం పక్కన భుజం. పద్నాలుగో కిలోమీటరు దాటాక మా అడుగుల చప్పుడు ఒకటే అయింది. పూర్వం పల్లకీ మోసే బోయీలు ఓహోం ఓహోం అంటూ అడుగు కలిపేవారట. ఒక్కడి అడుగు తప్పినా లోపలున్న మనిషికి తెలిసేదట. మా మధ్య పల్లకీ లేదు కానీ మోస్తున్న బరువేదో ఉంది. అది నా ఒక్కదాని మీద లేదని మాత్రం స్పష్టంగా తెలిసింది.

గచ్చిబౌలి వైపు చిన్న చిన్న ఎక్కుళ్ళ దగ్గర నా మాట ఒక్క పదానికి వచ్చింది. వంట సంగతి అడగడం ఆపేశారు. "ఆ దీపస్తంభం దాకా" అన్నారు. అది రాగానే "ఆ బస్టాపు దాకా." దూరాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కటే చేతికిచ్చారు. పదిహేను నుంచి ఇరవై దాకా మేం పరుగెత్తినది 34 నిమిషాల 40 సెకన్లు. ఉదయం మొదటి ఐదు కిలోమీటర్ల కంటే నిమిషం పైన తక్కువ. అలసిన కాళ్ళతో అది ఎలా జరిగిందో నా కాళ్ళకు తెలియదు. పట్టీకి తెలుసు.

2019 అక్టోబరు 12న వియన్నాలో ఎలియుడ్ కిప్‌చోగే 1:59:40లో మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు 41 మంది పేసర్లు వంతులవారీగా ఆయన చుట్టూ పరుగెత్తారు. గాలి తగలకుండా ఒక ఆకారంలో నిలిచి, దాదాపు రెండు గంటలు తమ స్థానం చెదరకుండా చూసుకున్నారు. చివరి కొన్ని వందల మీటర్లలో మాత్రం వెనక్కి తగ్గి ఆయన్ని ఒంటరిగా ముందుకు పంపారు. ఆ దృశ్యం టీవీలో చూసినప్పుడు అది మర్యాద అనుకున్నాను. స్టేడియం ద్వారం దగ్గర బాబాయి గారు నా పక్కనుంచి తప్పుకున్నప్పుడు అది కూడా పనిలో భాగమేనని అర్థమైంది. అక్కడి నుంచి మిగిలినది లెక్కతో అయ్యేది కాదు. "ఇంక నీదే తల్లీ, వెళ్ళు" అని అక్క కోసం వెనక్కి తిరిగారు.

నా చిప్ టైమ్ 2:29:38. పట్టీ మీద రాసినదానికి ఎనిమిది సెకన్లు తేడా. బాబాయి గారు, అక్క పక్కపక్కనే నా వెనకాలే దాటారు, రెండున్నర గంటలకు ఇంకా కొన్ని సెకన్లు ఉండగానే. ఫలితాల జాబితాలో ఆయన పేరు ఎదురుగా తను పరుగెత్తగలిగినదానికంటే ఇరవై నిమిషాలు ఎక్కువైన సమయం ఒకటి నిలిచిపోయింది. చూసేవాళ్ళకు అదొక మామూలు అంకె. స్టేడియం గడ్డి మీద కూర్చుని ఆయన సెలోటేపు ఊడదీసి, తడిసిన పట్టీని మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఇమ్మని అడిగాను. ఇప్పుడది మా ఇంట్లో మెడల్ పక్కనే వేలాడుతోంది. సిరా చెదరలేదు. ఐదు వరసలూ చదవడానికి వీలుగా ఉన్నాయి.