ఆప్షన్ల కాగితం

ఇంటర్ ఫలితాలు వచ్చాక కేసముద్రంలో నెట్ సెంటర్ల ముందు పిల్లలు బారులు తీరుతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మెమో, ఆధార్ జిరాక్సు, కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్. పని తెలిసిన ఆపరేటర్ మొదట అడిగేది ఏం చదువుతావని కాదు. "ఆధార్‌కు ఏ నంబర్ లింకున్నది బిడ్డా? ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గరున్నది?" అని. ఆ ఫోన్ హైదరాబాద్‌లో పనిచేసే అన్న దగ్గర ఉంటే ఓటీపీ అక్కడికే పోతుంది, ఫారం ఇక్కడే ఆగిపోతుంది. తర్వాత ఆదాయ సర్టిఫికెట్ మీద తేదీ చూస్తాడు. ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదైతేనే చెల్లుతుంది. ఆ తర్వాత టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోలుస్తాడు. మిర్చి బస్తాలతో నిండే మార్కెట్ యార్డులో నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని సరుకు పసిగట్టే వ్యాపారి చూపు అది.

కాలేజీ సీట్ల కోసం పిల్లలకు దారి చూపే ఈ పనిని పొగుడుతూ రాసినవాళ్లు తక్కువ. నెట్ సెంటర్ ఆపరేటర్లు, సెలవుల్లోనూ ఫోన్ ఎత్తే జూనియర్ లెక్చరర్లు, ఊళ్లో ముందుగా డిగ్రీ చదివిన అక్కలు, అన్నలు చేసే పని ఇది. ఇందులో పనితనం ఉంది. అది ఎక్కడుందో దగ్గరగా చూడాలి.

డిగ్రీ సీట్ల కోసం 2016 నుంచి తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి నడుస్తోంది. అంతకుముందు కాలేజీ కాలేజీకి తిరిగి వేర్వేరు ఫారాలు నింపాల్సిన పిల్లలు ఇప్పుడు 200 రూపాయలు కట్టి, ఒకే చోట కాకతీయ, ఉస్మానియా వంటి యూనివర్సిటీల కిందున్న కాలేజీలను ఎంచుకోవచ్చు. ఒక కాలేజీలో ఒక కోర్సు అంటే ఒక ఆప్షన్. అలాంటివి ఎన్నో పెట్టుకోవచ్చు, కానీ వరుసగా పెట్టాలి. అసలు నేర్పు ఆ వరుసలోనే ఉంది.

కేసముద్రం అమ్మాయి ఒకతె హన్మకొండ పింగిళి ప్రభుత్వ మహిళా కాలేజీలో బీకాం కంప్యూటర్స్ చదవాలనుకుంటుంది అనుకుందాం. మార్కులు చూసి భయపడుతుంది. "సార్, అది రాదేమో. మహబూబాబాద్ గవర్నమెంట్ కాలేజీనే ఒకటో నంబర్ల పెట్టుండ్రి, లేకుంటే అది గూడ పోతది" అంటుంది. దాదాపు ప్రతి ఇంట్లో ఉండే భయం ఇది. మంచి సలహాదారు ఇక్కడ తొందరపడడు. కంప్యూటర్ ఎలా ఆలోచిస్తుందో విడమరిచి చెబుతాడు. ఎక్కువ మార్కులున్నవాళ్ల వంతు ముందు వస్తుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ ఒకటో ఆప్షన్‌లో సీటుందా అని చూస్తుంది. ఉంటే ఇస్తుంది. లేకపోతే రెండోది చూస్తుంది. నీకంటే తక్కువ మార్కులున్న పిల్ల మహబూబాబాద్‌ను ఒకటో నంబర్లో పెట్టినా, నీ వంతు అయిపోయాకే ఆమె వంతు. కాబట్టి నువ్వు రెండో నంబర్లో పెట్టినంత మాత్రాన ఆ సీటు ఆమెకు పోదు. రిజర్వేషన్ కోటాల లెక్క వేరే ఉన్నా సూత్రం ఇదే.

ఇలాంటి కేటాయింపుల లెక్కను 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు కాలేజీ అడ్మిషన్ల గురించి రాసిన చిన్న వ్యాసంలో తేల్చారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ పద్ధతిలో విద్యార్థి తన ఇష్టాన్ని దాచి వేరే వరుస ఇస్తే లాభం లేదని నిరూపించారు. షాప్లీకి, ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సిద్ధాంతం పేరు ఎన్నడూ వినని మనిషి దాని సారాన్ని ఒక తెల్లకాగితం మీద గీసి తండా నుంచి వచ్చిన పిల్లకు అర్థం చేయించడం నాకు గొప్ప బోధనగానే కనిపిస్తుంది.

ఆప్షన్ల వరుస రాసిన కాగితం కంప్యూటర్ ముందుకు వెళ్లకముందే తయారవ్వాలి. ఇంట్లోనే, అమ్మానాన్నలు వింటుండగా. స్క్రీన్ ముందు కూర్చున్నాక వెనక లైనున్నదన్న కంగారులో ఎవరూ తమ మనసు తాము వినలేరు. కాగితం మీద కాలేజీ పేరు పక్కన దూరం, హాస్టల్, ఫీజు రాస్తారు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు కట్టే పని లేదు. దాంతో మహబూబాబాద్‌కు రోజూ వెళ్లి రావడమన్నది ఇంటి ఖర్చులో కొత్త లెక్క అయింది. అదే అబ్బాయికైతే పాస్ డబ్బులు కలపాలి. ఈ తేడాను కాగితం మీదికి తెచ్చేవారే మంచి సలహాదారు.

ఇంజనీరింగ్ ఆప్షన్లలో ఫీజు గడి ఇంకా బరువైనది. బీసీ పిల్లలకు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే ఫీజంతా ప్రభుత్వం కడుతుంది. దాటితే 35 వేల వరకే, మిగతాది ఇంటిదే. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు. ఈ ఒక్క ముక్క తెలియక దగ్గర్లోని చిన్న కాలేజీతో సరిపెట్టుకునే పిల్లలుంటారు. నిరుడు ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంత అన్న జాబితా అందరికీ దొరుకుతుంది. దాన్ని గీతలా కాకుండా అంచనాలా చదవడం అనుభవంతో వస్తుంది. ర్యాంకుకు అందనివి కొన్ని పైన, అందేవి మధ్యలో ఎక్కువగా, తప్పక వచ్చేవి కింద. కింద రాసే ప్రతి పేరు దగ్గరా ఒకే ప్రశ్న: "ఇది వస్తే నిజంగ పోతవా?" పోనంటే కొట్టేస్తారు.

కొన్ని ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వచ్చి, హాల్‌టికెట్ నంబరు, ఓటీపీ అడిగి తీసుకుని, తమ కాలేజీనే ఆప్షన్‌గా పెట్టేస్తారు. పిల్ల భవిష్యత్తును అంత తేలిగ్గా లాగేసుకోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు. అందుకే మంచి ఆపరేటర్ దోస్త్ పిన్ నంబరును తన పుస్తకంలో రాసుకోడు. పిల్ల చేతే పిల్ల నోట్‌బుక్కులో రాయిస్తాడు. ఆప్షన్లు ఎక్కించేటప్పుడు తాను చదువుతుంటే పిల్లను కాగితం మీద టిక్కు పెట్టమంటాడు. సేవ్ చేశాక ప్రింట్ ఇచ్చి, వరుస మళ్లీ ఒకసారి సరిచూడమంటాడు.

సీటు వచ్చిందని మెసేజ్ వచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. అందుకని మంచి సలహాదారులు ఆ తేదీకి ముందు రోజు ఫోన్ చేసి అడుగుతారు, ఎత్తకపోతే పక్కింటి నంబరుకు చేస్తారు. రెండో విడతకు మళ్లీ కాగితం రాస్తారు. చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మేలైనవే అందులో ఉండాలి. ఎందుకంటే కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది. మొదటి కాగితం నిండా పేర్లున్న పిల్లకు ఈ రెండో కాగితంలో ఒక్కోసారి రెండే పేర్లు మిగులుతాయి. ఒక్కటీ లేదనుకుంటే ఆ విడతలో ఆప్షన్లే పెట్టనివ్వరు.