చిలుకాగోరువంకలు

దంపతుల యన్యోన్యతను జెప్పుటకుఁ గృష్ణాతీరపుఁ బల్లెలలో నేఁటికిని వాడుకలో నున్న పలుకుబడి ‘చిలకాగోరింకలు’. ఇది సంస్కృతమునందలి శుకశారికలకుఁ దెలుఁగుసేఁత యని చెప్పి విడుచుట సులభము. ఆ మాట సగము మాత్రమే నిలుచును.

శుకశారికలు మొదట వలపునకుఁ గాక పలుకునకుఁ బేరుగన్నవి. వానికి మాటలు నేర్పుటను వాత్స్యాయనుఁడు 64 కళలలోఁ జేర్చెను. కథాసరిత్సాగరమందలి బేతాళకథలలో మూఁడవదాని యందు రాజదంపతుల శుకశారికలు ఒక్క పంజరమున నుండియుఁ గాఁపురము చేయవు. శుకము కోరఁగా శారిక, మగవారు కృతఘ్నులని త్రోసిపుచ్చును. శుకము స్త్రీలే దుష్టలనును. తగవు రాజపుత్రుని యొద్దకుఁ బోవును. ఇట్టి కలహపుజంట యనురాగమున కుపమాన మగుట వింతయే.

అంతకంటె వింత మఱియొకటి. సంస్కృతమున శుకము పుంలింగము, శారిక స్త్రీలింగము; కథలోను నట్లే. తెలుఁగు పలుకుబడిలో నది తలక్రిందయినది: చిలుక పెండ్లికూఁతురు, గోరువంక పెండ్లికొడుకు. కేవలానువాద మైనచో నీ మార్పు రాఁగూడదు. తెలుఁగునఁ బక్షులెల్ల నమహద్వాచకములు. లింగము వానిని గట్టివేయదు. కావున జనులు వ్యాకరణమును గాక కంటిని నమ్మిరి. ఎఱ్ఱని ముక్కును, పచ్చని మేనును, ముద్దుపలుకును గల పక్షి యాఁడు దాయెను. కపిలవర్ణపు గోరువంకకు మగతన మబ్బెను. స్త్రీని ‘చిలుకలకొలికి’ యనుటయు దీనికిఁ దోడు.

స్పానిషు భాషది యెదురుదారి. అచ్చటఁ బ్రేమికులకు గువ్వలు పోలిక. గువ్వపేరు ‘తోర్తోలా’ స్త్రీలింగము. ప్రేమికుని జెప్పుటకు ‘తోర్తోలో’ యను పుంలింగరూప మేర్పడి, దాని బహువచనమే జంటకుఁ బేరయ్యెను. ఇంగ్లీషువారి ‘లవ్ బర్డ్స్’ ఆఫ్రికాలోని చిన్న చిలుకలు. రెంటను జంట యొక్క జాతిదే. మన చిలుకయు గోరువంకయు వేఱు జాతులు. పైఁగాఁ జెట్టుతొఱ్ఱకొఱకుఁ బోరాడుకొనునవి! జక్కవలజోడు కావ్యములలో నెంత ప్రసిద్ధమైనను అది రాత్రి యెడఁబాటునకు గుఱుతు. పెండ్లిపందిట దీవెనకుఁ బనికిరాదు.

పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో మాత్రము చిలుక మగదిగానే యుండి, యింటి యిల్లాలిని గథలతో నాఁపును. సంస్కృతకథను దెలిఁగించు కవికి మూలలింగము తప్పలేదు. పల్లెవానికా నిర్బంధము లేకపోయెను. ‘చిలుకాగోరువంకలు’ అను పదమునకు శుకశారికలని యర్థము వ్రాయు నిఘంటుకారులు ఈ వ్యత్యయమును గూడఁ జూపవలసియున్నది.