ఇంటిపేరు ఆచూకీ

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన రేనాటి పాలెగాడి పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 2019లో 'సైరా' సినిమా వచ్చాక చిన్నపిల్లలు కూడా ఆ పేరు పలికారు. అయితే ఆయన ఇంటిపేరు ఉయ్యాలవాడ కాదు, మజ్జారి. ఉయ్యాలవాడ ఆయన ఊరు. అదే ఊరికి చెందిన మరో మహానుభావుడు బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు గంజి కేంద్రాలు పెట్టి ప్రాణాలు నిలిపినందుకు విక్టోరియా మహారాణి పేరిట బంగారు పతకం అందుకున్నారు. ఆయన్ను జనం ఇంటిపేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఊరు ఒకటే, పేరు చివర రెడ్డి ఒకటే. కానీ ఒకరికి ఊరి పేరు, ఇంకొకరికి ఇంటిపేరు నిలిచాయి. తమ వంశం ఎక్కడిదో వెతకాలనుకునే నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలవాళ్లు ముందుగా ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని బయల్దేరితే దారి తప్పడం ఎంత తేలికో అక్కడే తెలుస్తుంది.

ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే సాధారణంగా ఆ ఊరు వదలాలి. నంద్యాలలో ఉన్నవాణ్ని నంద్యాలవాడని ప్రత్యేకించి ఎవరూ పిలవరు. గుత్తికో కడపకో వలసపోతే అక్కడివాళ్లు 'నంద్యాలవాళ్లు' అంటారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది. వెలుగోడు, గడివేముల, పాణ్యం, చాగలమర్రి వంటి ఊళ్ల పేర్లు ఇంటిపేర్లలో కనిపిస్తే, అది కుటుంబం బయల్దేరిన చోటని అర్థం చేసుకోవాలి. ఆ ఊరికి వెళ్లి విచారిస్తే ఆ ఇంటిపేరువాళ్లు ఒక్కరు కూడా దొరక్కపోవచ్చు. అందుకు నిరాశపడనక్కర్లేదు. వాళ్లు అక్కడ ఉన్న రోజుల్లో వాళ్ల ఇంటిపేరు ఇంకేదో అయి ఉంటుంది. ఒకే ఊరి నుంచి బ్రాహ్మణులు, కోమట్లు, సాలెలు, కాపులు అందరూ వలసవెళ్లి ఉంటారు. కాబట్టి ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపించినా రక్తసంబంధం ఉండనక్కర్లేదు. బనగానపల్లె దగ్గరి నందవరం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఊరి పేరు మీద ఏకంగా నందవరీకులనే బ్రాహ్మణ శాఖే ఏర్పడింది. వాళ్లు ఎక్కడున్నా వాళ్ల ఇలవేల్పు నందవరం చౌడేశ్వరీదేవి. అదే అమ్మవారిని నేతపనివారైన తొగటలు కూడా కులదైవంగా కొలుస్తారు.

పాలకుల సంగతి వేరు. ఊరిని ఏలినవాళ్లకు ఆ ఊళ్లో ఉండగానే ఊరి పేరు వచ్చింది. విజయనగర కాలంలో నంద్యాలను ఏలిన రాజులు ఆరవీటి వంశంలో ఒక శాఖవారు. వంశం ఆరవీటివారిది, ఏలుబడి నంద్యాలది. కాలక్రమంలో 'నంద్యాల' అనేదే పేరుకు ముందు నిలిచింది. పింగళి సూరన 16వ శతాబ్దంలో తన 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చింది నంద్యాల కృష్ణరాజుకే. ప్రబంధాలు చదివేవాళ్లు చాలామంది కథకు ముందు వచ్చే అవతారికను దాటేసి కథలోకి వెళ్లిపోతారు. వంశాలు వెతికేవాళ్లకు అసలు సరుకు ఉండేది మాత్రం అక్కడే. కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న కృతిపతి తాతలు, తండ్రులు, వాళ్ల భార్యలు, తమ్ముళ్లు, పుట్టిన కొడుకులు వరసగా వస్తారు. అందుగుల వెంకయ్య 'రామరాజీయం' అయితే ఆరవీటివారి వంశక్రమానికి పెద్ద ఆకరమే.

ఆ వంశవర్ణనను ఎలా చదవాలన్నదే మెళకువ. మొదట చంద్రుడు, బుధుడు, పురూరవుడు వస్తారు. అక్కడ ఆగనక్కర్లేదు. ఏ తరం నుంచి ఊళ్ల పేర్లు, కోటల పేర్లు, గెలిచిన యుద్ధాలు, భార్యల పేర్లు మొదలవుతాయో అక్కడి నుంచి మనుషుల చరిత్ర మొదలైనట్టు. పొగడ్తను పొగడ్తగా వదిలేసి, ఎవరికి ఎవరు కొడుకన్నదాన్ని మాత్రం శాసనాలతో సరిచూసుకోవాలి. ఆశ్రయమిచ్చినవాడి తండ్రి పేరు కవి తప్పు రాయడు, రాసి ఆస్థానంలో నిలబడలేడు. అందుకే దగ్గరి తరాల విషయంలో అవతారికను నమ్మవచ్చు, దూరపు తరాలకు వెళ్లేకొద్దీ జాగ్రత్త పడాలి.

రాజులకు కవులున్నారు. రైతులకెవరున్నారు? రెడ్లకు, కాపులకు గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పి పొట్టపోసుకునే కులం ఒకటుంది. పిచ్చుకుంట్లవారని పూర్వం పిలిచేవారు, ఇప్పుడు వంశరాజులని గౌరవంగా పిలుచుకుంటున్నారు. పంటలు ఇళ్లకు చేరే రోజుల్లో తమకు మిరాశీగా వచ్చిన ఊళ్లకు వచ్చి, ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటి గోత్రం, మూలపురుషుడు, ఆయన కొడుకులు, ఏ కొడుకు ఏ ఊరు చేరాడు అన్నది పాటగానో వచనంగానో చెప్పేవాళ్లు. చెప్పినందుకు ధాన్యం కొలిచేవారు. ఇలాంటి ఆశ్రిత కులాలు తెలుగునాట చాలా కులాలకున్నాయి. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు. చదువులేనివాళ్ల నోళ్లలో తరాల లెక్క నిలిచిందంటే అది సాధనతో వచ్చిన విద్య. వరుసలు, ప్రాసలు, పల్లవులు జ్ఞాపకానికి కొక్కేల్లా పనిచేస్తాయి. ఒక పేరు జారిపోతే లయ చెడుతుంది, వినే పెద్దలు వెంటనే పట్టుకుంటారు. ఏటేటా ఆ ఇంటివాళ్ల ముందే చెప్పాలి కాబట్టి తప్పులు దిద్దుకునే వీలు ఆ పద్ధతిలోనే ఉంది. దీన్ని భిక్షాటన కింద కొట్టిపారేయడం మన సమాజం చేసిన పెద్ద అన్యాయం.

నోటిమాట తర్వాత కాగితం. ఊరి లెక్కలు కరణం దగ్గర కవిలెల్లో ఉండేవి. 19వ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరా పంపి, కరణాల చేత గ్రామ చరిత్రలు రాయించాడు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆ పనికి వెన్నెముక. అవే కైఫీయతులు. ఆ ఊరు ఎవరు కట్టారు, ఏ పాలెగాడికి ఎవరు వారసుడు, ఏ మాన్యం ఎవరికి దక్కింది అన్నవన్నీ వాటిలో వస్తాయి. సి.పి.బ్రౌన్ తర్వాత ఎన్నింటికో నకళ్లు రాయించి కాపాడాడు. పక్కనున్న కడప జిల్లా కైఫీయతులను కట్టా నరసింహులు సంపాదకత్వంలో కడప సి.పి.బ్రౌన్ కేంద్రం అచ్చువేసింది. కోవెలకుంట్ల వైపువాళ్లు ఆ సంపుటాలు కూడా తిరగేయాలి. దానికి కారణముంది.

నంద్యాల, శిరివెళ్ల ప్రాంతాలు 1839 వరకు కర్నూలు నవాబు కింద ఉన్నాయి. కోవెలకుంట్ల మాత్రం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాల్లో ఉండి, 1858 వరకు కడప జిల్లాలో భాగంగా సాగింది. ఇరుగుపొరుగు ఊళ్లే అయినా కాగితాలు వేర్వేరు కచేరీల్లో పడ్డాయి. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ముత్తాత కాగితం ఆ జిల్లా పేరుతో దొరకదు. తాత ఏ తాలూకాలో ఉన్నాడు, ఆ తాలూకా అప్పట్లో ఏ జిల్లాలో ఉంది అన్నది తేల్చుకున్నాకే ఆఫీసు మెట్లెక్కాలి.

ఆ మెట్లెక్కాక అన్నిటికన్నా ఉపయోగపడేది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858 తర్వాత ఇనాం కమిషన్ మాన్యాలన్నిటినీ విచారించి తయారుచేసిన పుస్తకమది. మొదట ఇనాం పొందినవాడి పేరు, ఎవరిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడి పేరు, వయసు, మొదటివాడికి ఇతను ఏమవుతాడు అన్న గడులు అందులో ఉంటాయి. పూజారి మాన్యం, కరణం మాన్యం, మంగలి మాన్యం, చాకలి మాన్యం, ఏదో ఒక సర్వీసు ఇనాం ఉన్న కుటుంబాలకు ఒక్క పుటలో మూడు నాలుగు తరాలు దొరికే అవకాశముంది. ఆ తర్వాతి కాలానికి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు, అడంగళ్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులోని దస్తావేజులు ఉన్నాయి. పాత దస్తావేజుల్లో 'ఫలానావారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు' అని స్పష్టంగా రాసేవారు. లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటిగా వెనక్కి పట్టుకుపోతే భూమితో పాటు వంశమూ వెనక్కి నడుస్తుంది.

వంశం లెక్క రూపాయల్లో ఎలా పలికేదో మజ్జారివారి కథలోనే చూడవచ్చు. కంపెనీ పాలెగాళ్ల అధికారాలు తీసేసి కుటుంబాలకు భరణాలిచ్చింది. వాటాలు తరాల మీద చీలుతూ వచ్చి, నరసింహారెడ్డికి అందింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయన తల్లి తండ్రి నొస్సం జయరామిరెడ్డి. ఆ తాత చనిపోయాక నొస్సం భరణాన్ని కంపెనీ ఆపేసింది. తండ్రి వైపు వాటా పైసలతో సహా నిలిచింది, తల్లి వైపు వాటా పూర్తిగా పోయింది. 1846లో రేగిన తిరుగుబాటు వెనుక ఇంకా ఎన్నో కారణాలున్నా, ఈ లెక్క కూడా ఒకటి.

కాగితాలు లేని ఇళ్లలో మనుషుల పేర్లే సాక్ష్యం. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఓబుళరెడ్డి, ఓబులేసు, ఓబులమ్మ లేని ఊరు అరుదు. అహోబిల నరసింహుడి మీద నమ్మకమది. మద్దిలేటి, మద్దయ్య, మద్దమ్మ అంటే బేతంచెర్ల వైపు మద్దిలేటి స్వామి భక్తులు. మహానందయ్య ఎక్కడివాడో చెప్పనక్కర్లేదు. హిందువుల ఇళ్లలో దస్తగిరి, మస్తానమ్మ, హుసేన్‌రెడ్డి కనిపిస్తే అది దర్గాలో మొక్కుకుని కన్న సంతానం. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. పెద్ద, నడిపి, చిన్న అని ముందు చేర్చకపోతే ఇద్దరు ఓబుళరెడ్లు ఒకే మనిషై కూర్చుంటారు. వయసు, భార్య పేరు, పొలం సర్వే నంబరు, ఈ మూడింటిలో రెండైనా కలిస్తేనే ఒకే మనిషని తేల్చాలి.

గుడి మర్యాదలు మరో దారి. అహోబిలంలో కనుమ నాడు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన గ్రామాల్లో తిరుగుతుంది, తన పెళ్లికి రమ్మని పిలవడానికే స్వామి వచ్చాడని జనం భావిస్తారు. పల్లకి ఎవరు మోయాలి, ఏ ఊళ్లో ఎవరి ముందు ఆగాలి, మొదటి మర్యాద ఏ ఇంటిది అన్నవి తరాలుగా వస్తున్న హక్కులు. పల్లకి వెంట నాలుగూళ్లు తిరిగి పెద్దలను అడిగితే, ఏ పుస్తకంలోనూ లేని కుటుంబాల వరస బయటికొస్తుంది. స్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి తమ ఆడపడుచని చెప్పుకునే నల్లమల చెంచులకు కూడా ఉడతల, తోకల, నల్లపోతుల వంటి ఇంటిపేర్లున్నాయి. ఇంటిపేరు కలిస్తే వాళ్లూ పెళ్లి చేసుకోరు. ఆళ్లగడ్డ శిల్పుల వంటి విశ్వబ్రాహ్మణులకు సానగ, సనాతన, అహభూన, ప్రత్న, సుపర్ణ అని ఐదు గోత్రాలు. సంప్రదాయం ప్రత్న గోత్రాన్ని శిలతో ముడిపెడుతుంది. ఇవాళ ఉలి పట్టినవాడి గోత్రం అదే కావాలనేమీ లేదు.

ఇన్ని దారుల్లోనూ కనిపించనిది ఆడవాళ్ల పేరు. పెళ్లితో ఇంటిపేరు మారిపోతుంది, పుట్టింటి పేరు రెండు తరాల్లో మరుగున పడుతుంది. అయినా మన ప్రాంతంలో వాళ్ల ద్వారానే వంశాన్ని పట్టుకోగలం. కారణం మేనరికం. రెండు ఇంటిపేర్ల మధ్య తరతరాలుగా ఇచ్చిపుచ్చుకోవడాలు సాగిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఒక ఇంటి వరస ఎక్కడైనా తెగిపోతే, పిల్లనిచ్చిన ఇంటి వరస తీసి చూస్తే అక్కడ అతుకుతుంది. అవ్వ పుట్టిల్లు ఏ ఊరు, ఆమె మేనమామ ఇంటిపేరు ఏమిటి అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

అమెరికాలో పాత కుటుంబాల మూలాలు వెతికేవాళ్లకు 1790 నుంచి పదేళ్లకోసారి తీసిన జనాభా లెక్కలున్నాయి. 72 ఏళ్లు దాటాక మనుషుల పేర్లతో సహా బయటపెడతారు. మన జనగణన చట్టం వ్యక్తుల వివరాలను బయటపెట్టనివ్వదు, అంకెలు మాత్రమే అందుతాయి. అయితే సముద్రం దాటి వెళ్లినవాళ్ల సంగతి వేరు. 1860లో మద్రాసు నుంచి డర్బన్ చేరిన 'ట్రూరో' ఓడ మొదలు, కూలీలుగా వెళ్లినవాళ్ల జాబితాల్లో తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా రాసిపెట్టారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ల ఇంటిపేర్లు చాలావరకు పోయి రెడ్డి, నాయుడు మాత్రమే మిగిలినా, ఆ జాబితాల వల్ల పూర్వీకుల ఊరు దొరుకుతోంది. ఇప్పుడు అమెరికా వెళ్తున్న మన పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతోంది, లేదా తండ్రి పేరే ఇంటిపేరు గడిలో చేరుతోంది. ఊరు, గోత్రం, అవ్వ పుట్టిల్లు రాసుకునే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఊరి వంశాల లెక్క చెప్పే కరణం ఇప్పుడు లేడు. పొలం మ్యుటేషన్‌కో భాగపరిష్కారానికో తహసీల్దార్ ఆఫీసు వంశవృక్షం అడిగినప్పుడే ఇప్పుడు చాలా ఇళ్లలో తాత తండ్రి పేరు కోసం వెతుకులాట మొదలవుతోంది. అప్పటికి చెప్పేవాళ్లు ఉండటం లేదు. సంక్రాంతికి ఊరికి వెళ్లేవాళ్లు పారువేట పల్లకి రాకముందే ఒక నోటుపుస్తకం తీసుకుని ఇంట్లోని ముసలివాళ్ల పక్కన కూర్చోండి. మగవాళ్ల పేర్లకు ముందు ఆడవాళ్ల పేర్లు, వాళ్ల పుట్టిళ్ల ఊళ్లు రాసుకోండి. గోత్రాలు చెప్పే వంశరాజులు గడపలోకి వస్తే పైసలిచ్చి పంపేయకుండా, కుర్చీ వేసి, చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేయండి. రాసినదాని నకలు ఒకటి తీసి, ఊళ్లో మిగిలిన అన్నదమ్ముల ఇంట్లో ఇచ్చి రండి.