శాకుంతలమున నేపథ్యధ్వనులు – ప్రత్యుత్తరౌచిత్యము

తెరవెనుక నుండి విననగు పలుకునకు లాక్షణికులు చూళిక యని పేరిడిరి. రంగమునఁ జూపరాని యర్థమును సూచించుటకై యేర్పడిన యైదు సాధనములలో నిది యొకటి యని 10వ శతాబ్దమున ధనంజయుఁడు దశరూపకమునఁ జెప్పెను. వ్యాఖ్యాతలును బాఠశాలలయందలి బోధకులును సాధారణముగా నింతటితోఁ దృప్తి నొందుదురు. ‘నేపథ్యే’ యను సూచన యెదురైనచోఁ గథ యెంత ముందునకు సాగెనో చూచి, యాపై నడచిన సంభాషణమును విడిగాఁ బరీక్షింతురు. విన్న ధ్వనిని విడిచి దానికిఁ గలిగిన ప్రత్యుత్తరమును మాత్రము తూఁచుట త్రాసున నొక తట్టను దీసివైచి తూఁచుటయే. శాకుంతలమున నీ పద్ధతివలనఁ గలుగు నష్టము చిన్నది కాదు.

11వ శతాబ్దపు మమ్మటుఁడు కావ్యప్రకాశమున నర్థవ్యంజకతకుఁ గారణములను బేర్కొనుచు వక్త, బోద్ధవ్యుఁడు, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువానితోఁ బాటు అన్యసన్నిధిని గూడఁ జేర్చెను. ప్రొద్దు గ్రుంకెనన్న యొక్కమాటయే పసులకాపరికి మందను దోలుకొని పోవలెననియు, శ్రోత్రియునకు సంధ్య వార్పవలెననియు, వర్తకునకు సరకు సర్దుకొనవలెననియు నర్థమగును. ఈ కొలఁదినే ప్రత్యుత్తరమునకును బట్టింపవలెను. ఎవరు వినిరి? ఎట్టి స్థితిలో వినిరి? చెంత నెవరుండఁగా వినిరి?

తృతీయాంకమునఁ జెలికత్తె లిద్దఱును నెపము పెట్టి తొలఁగిపోయిరి. దుష్యంతుఁడును శకుంతలయు నేకాంతమున నున్నారు. అంతలోఁ జక్రవాకిని సహచరునికడ సెలవు గొమ్మనియు, రాత్రి వచ్చెననియుఁ దెరవెనుక నొక పలుకు విననగును. పలుకు పక్షి నుద్దేశించినది. శకుంతల పక్షినిగూర్చి యొక్కమాటయు ననక, గౌతమి తన దేహస్థితి నరయ వచ్చుచున్నదనియు, కొమ్మలచాటున డాఁగుమనియు రాజునకుఁ జెప్పును. మాటకు మాట సరిచూచువారికి నిది యసంబద్ధము. కాని చెలులు దాపుననే కావలియుందురని యామె యెఱుఁగును. మూఁడవవారు సమీపించుచుండఁగా వారు బాహాటముగాఁ బలుకరాదనియు నెఱుఁగును. అన్యసన్నిధి కింతకంటెఁ జక్కని యుదాహరణ మరుదు. రాజు తానై గ్రహించినట్లు కవి చూపలేదు; ఆమె చెప్పినపిదపనే పొంచియుండెను. అదియు నుచితమే. ఆశ్రమకన్యల సంకేతము లాతని కేమి తెలియును?

చతుర్థాంకారంభమునఁ గథ యంతయు నొక్క పిలుపునకుఁ బ్రత్యుత్తరము లేకపోవుటపై నాధారపడినది. పువ్వులు గోయుచున్న యనసూయాప్రియంవదలకు, ఇదిగో వచ్చితినను నొక స్వరము విననగును. ఒకతె యది యతిథి పిలుపువలె నున్నదనును. వేఱొకతె పర్ణశాలకడ శకుంతల యున్నదికదా యని యూఱడిల్లును. వెంటనే, యామె మనసు నేఁ డచట లేదను తలంపు పొడమును. కోసిన పూవులు చాలునని కదలుదురు. మూఁడు చిన్నమాటలు. ఒక్కొక్కటియుఁ దత్క్షణమునకుఁ దగినదే. వానికిఁ బట్టిన కాలమే శాపమునకుఁ జాలెను. పిలుపు వినఁగానే పరుగిడిరా, శాపము లేదు. బొత్తిగా వినకుండిరా, ముని కాళ్లఁబడి శాపావధిని వేఁడువారు లేరు. నటులు ఈ మూఁటిని నొక్క యూపిరిలో ననివేసిరేని కవి కొలిచి పెట్టిన జాగు నశించును. ఇఁక శకుంతల మౌనము. దుర్వాసుఁడు దాని నవమానముగాఁ గొనెను. ప్రేక్షకుఁ డట్లు గొనఁడు. చెవి సోఁకని పిలుపునకు మౌనము కాక వేఱు ప్రత్యుత్తర మేది? శాపమును నదే తూనికతో వచ్చినది: ఎదుట నిలిచినవానిని గుర్తింపనందులకు, ఆమె తలఁచువాఁడు గుర్తుచేసినను నామెను గుర్తింపఁడు.

ఆ శాపము పండినది పంచమాంకమున. అచటను మొదట వచ్చునది ధ్వనియే, హంసపదిక పాట. పాటలోని యక్షరార్థము తెలిసినదా యని విదూషకుఁ డడుగును. రాజు చిఱునవ్వుతోఁ దనకు దెప్పు తగిలెనని గ్రహించి, యాతని నామెకడకుఁ బంపును. అంతఃపుర ప్రసంగమున కది తగిన ప్రత్యుత్తరము. అయినను, ప్రియజనవియోగము లేకయే మనసేల కలఁగుచున్నదని తన్నుఁ దానె ప్రశ్నించుకొని, జన్మాంతరస్నేహములను గారణముగాఁ జెప్పుకొనును. బుద్ధి యొక ప్రత్యుత్తర మిచ్చినది. హృదయము వేఱొకటి యిచ్చినది. ఈ రెండవది తప్పుకారణముతోఁ బలికిన నిజము. పాటను విస్మరించి చదివినచో నా విచార మూరక తగిలించిన వేదాంతముగాఁ దోఁచును.

నేపథ్యధ్వను లన్నియు నిట్టివే యనరాదు. ప్రథమాంకాంతమున నేనుఁగు తపోవనముఁ జొచ్చెనను హెచ్చరిక గోష్ఠిని జాలించుటకుఁ గావలసి వచ్చినది; అచటి ప్రత్యుత్తరములలో మర్యాదకు మించి చూడవలసిన దేమియు లేదు. షష్ఠాంకమున విదూషకుని యార్తనాదము విని శోకమగ్నుఁడైన రాజు విల్లందుకొనుట కొందఱికిఁ దొందరగాఁ దోఁపవచ్చును. ఆతని రెచ్చఁగొట్టుటకే యట్లు చేసితినని మాతలియే చెప్పుటచే నా శంక తీఱును.

సప్తమాంకమునఁ దాపసి మట్టినెమలిని దెచ్చి, శకుంతలావణ్యమును జూడుమని సర్వదమనునితో ననును. శకుంతము పక్షి; దాని లావణ్యము. బాలుఁడు నలుగడలఁ జూచి, అమ్మ యెక్కడ నని యడుగును. అర్థమును బట్టి ప్రశ్న యసంగతము. చెవిని బట్టి సంగతము. ఆ ధ్వని బాలునకుఁ దల్లి, తాపసులకు బాలుని భ్రమ, రాజునకుఁ గన్నులయెదుటి యాశ. పేర్లు పోలవచ్చుఁగదా యని రాజు దానిని బైకి రానీయక తనలోనే యడఁచుకొనును. ఒక్కసారి పోఁగొట్టుకొన్నవాని ప్రత్యుత్తర మట్లే యుండును. ఈ ముగ్గురి చెవులకును దెనుఁగున నాధారము కావలెనన్నచో నాసమాసమును గదల్పరాదు. పిట్ట చక్కఁదనమని మార్చినచో మాట తేలికయగును. బాలుఁడు తల్లి నడుగుటకు మాత్రము కారణ ముండదు.