గొట్టంతో గొట్టం

లాప్‌టాప్‌లో డిస్క్ నిండిపోయిందని ఉబుంటు హెచ్చరిస్తుంది. ఎక్కడ నిండిందో మాత్రం మనమే వెతుక్కోవాలి. ఒక్కో ఫోల్డర్ మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూసుకుంటూ పోతే ఓ పూట గడిచిపోతుంది. టెర్మినల్‌లో అది ఒక్క వరుస పని. ముందు డీయూ అనే కమాండ్, పక్కన హైఫన్‌తో ఎస్, హెచ్ అక్షరాలు, ఆపైన నక్షత్రం గుర్తు. తర్వాత, ఎంటర్ కీకి పైన ఉండే నిలువు గీత. గీతకు అవతల సార్ట్, హైఫన్‌తో మళ్లీ హెచ్. ఎంటర్ కొడితే ఫోల్డర్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా బారులు తీరతాయి. జాగా మింగేసిన ఫోల్డర్ చిట్టచివర దొరికిపోతుంది.

డీయూకు కొలవడం ఒక్కటే వచ్చు, సర్దడం రాదు. సార్ట్‌కు ఫోల్డరంటే ఏమిటో తెలియదు, అందిన వరుసల్ని సర్దడమే తెలుసు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది ఆ నిలువు గీత. దాని పేరు పైప్. సార్ట్ పక్కన హెచ్ బదులు ఎన్ రాశామా, ఉత్త అంకెలు చూసి 900 మెగాబైట్లను 1.2 గిగాబైట్ల కన్నా పెద్దదనుకుంటుంది. నక్షత్రానికీ ఒక లొసుగుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను అది పట్టించుకోదు. బ్రౌజర్లు పోగేసుకునే సరుకు తరచూ అలాంటి ఫోల్డర్లలోనే ఉంటుంది.

పైపు ఆలోచనకు వయసు బాగానే ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక అంతర్గత పత్రంలో దీన్ని రాసిపెట్టాడు. తోటకు నీళ్లు పెట్టేటప్పుడు గొట్టానికి ఇంకో గొట్టం బిగించినట్టు, ప్రోగ్రాముకు ప్రోగ్రాము తగిలించే వీలుండాలని ఆయన కోరిక. 1969లో అక్కడే కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. మెకిల్‌రాయ్ పట్టు వదలకపోవడంతో 1973లో థాంప్సన్ పైపును అందులో చేర్చాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు యూనిక్స్ పనిముట్లను ఎవరైనా వాడుకునేలా, మార్చుకునేలా మళ్లీ రాసింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ తోడైంది. మన ఇంటి ఉబుంటులోనో, ఫెడోరాలోనో నిలువు గీత కొట్టినప్పుడు నడిచేది ఆ పద్ధతే.

కమాండ్ల పేర్లు పొట్టిగా ఉండటానికీ కారణం ఆ కాలమే. అప్పటి టెలిటైప్ యంత్రం సెకనుకు పది అక్షరాలకు మించి అచ్చు వేయలేకపోయేది. అందుకే జాబితా చూపేది ఎల్‌ఎస్, నకలు తీసేది సీపీ, పేరో చోటో మార్చేది ఎంవీ.

ఈ సంప్రదాయంలో పదే పదే చెప్పుకునే ముచ్చట 1986 నాటిది. ఒక రచనలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టే ప్రోగ్రాము రాయమని, జాన్ బెంట్లీ తన పత్రికా శీర్షిక కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్‌ను అడిగాడు. క్నూత్ పేజీలకు పేజీలు, ఎంతో అందంగా రాశాడు. దాన్ని సమీక్షించిన మెకిల్‌రాయ్, అదే పనిని ఆరు చిన్న కమాండ్లు పైపులతో కలిపి చేసి చూపించాడు. క్నూత్ ఓడిపోయాడని ఈ కథ చెప్పేవాళ్లు మురిసిపోతుంటారు. అది అన్యాయం. ఆయన్ను అడిగింది తన రచనా పద్ధతిని చూపించమని, పొట్టిగా రాయమని కాదు. అయితే ఇంట్లో కంప్యూటర్ వాడుకునేవాడికి పనికొచ్చేది మాత్రం మెకిల్‌రాయ్ దారే.

ఎలాగో ఫోటోల దగ్గర చూడండి. ఫోన్‌లోంచి దింపుకున్న ఫోల్డర్‌లో ఒకే పెళ్లి ఫోటో నాలుగు పేర్లతో ఉంటుంది. పెదనాన్న పంపిందీ, పిన్ని పంపిందీ అదే. ఎండీ5సమ్ అనే కమాండ్ ప్రతి ఫైలుకూ దాని లోపలి సరుకును బట్టి 32 అక్షరాల ముద్ర తీస్తుంది. పేరేదైనా సరుకు ఒకటే అయితే ముద్రా ఒకటే. ఆ జాబితాను పైపు ద్వారా సార్ట్‌కు ఇస్తే ఒకే ముద్ర ఉన్నవి పక్కపక్కన చేరతాయి. అక్కణ్ణుంచి యూనిక్‌కు పంపి, మొదటి 32 అక్షరాలే పోల్చమనీ, నకళ్లున్నవే చూపించమనీ చెప్పాలి. అందుకు హైఫన్ డబ్ల్యూ 32, హైఫన్ పెద్ద డి. మధ్యలో సార్ట్ ఎందుకంటే, యూనిక్ పక్కపక్క వరుసలనే పోలుస్తుంది, దూరంగా ఉన్నవాటిని చూడదు. ఈ మేళవింపుకు మెనూలో ఎవరూ బటన్ పెట్టి ఉండరు. టెర్మినల్ విలువ నా లెక్కలో ఇదే: తయారుచేసినవాళ్లకు తట్టని ప్రశ్న కూడా మనం అడగొచ్చు.

నకళ్లు దొరికాక చెరిపేద్దామనిపిస్తుంది. చెరిపే పని చేసే ఆర్‌ఎం కమాండ్‌కు చెత్తబుట్ట లేదు, పోయింది పోయినట్టే. అందుకని తెలిసినవాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. నక్షత్రాలతో ఏ పేర్లు చెరపదలిచామో, ముందు అవే పేర్లకు ఎల్‌ఎస్ కొట్టి చూస్తారు. జాబితా సరిగ్గా ఉంటే పై బాణం నొక్కి పాత వరుసను రప్పించి, ఎల్‌ఎస్‌ను ఆర్‌ఎంగా మారుస్తారు. సీపీ, ఎంవీ కూడా అదే పేరుతో ఉన్న పాత ఫైలు మీద చెప్పాపెట్టకుండా రాసేస్తాయి. వాటికి హైఫన్ ఐ తగిలిస్తే ముందు అడుగుతాయి. ఇక అంతర్జాలంలో దొరికిన వరుసకు ముందు, నిర్వాహకుడి అధికారమిచ్చే సుడో ఉంటే, అందులోని ప్రతి మాటకూ అర్థం తెలిసేదాకా ఎంటర్ ముట్టుకోకపోవడమే మేలు. మ్యాన్ అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాస్తే దాని వివరమంతా వస్తుంది. చదివాక క్యూ నొక్కితే బయటపడతాం.

కొత్తవాళ్లను కంగారుపెట్టేవి వేరే ఉన్నాయి. సుడో పాస్‌వర్డ్ అడిగినప్పుడు మనమెంత టైపు చేసినా చాలాచోట్ల తెర మీద చుక్క కూడా పడదు. కీబోర్డు చెడిపోలేదు, సుడో తీరే అంత. అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోతుంది. టెలిటైప్ నాటి ‘ఆగు’ సంకేతం అది. కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. పొడవాటి ఫైలు పేర్లకు రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుంది. ఎన్నడో వాడిన వరుస కావాలంటే కంట్రోల్ ఆర్ నొక్కి, అందులోని ఒక ముక్క గుర్తు చేస్తే చాలు. ఈ ఒక్క కిటుకు అలవాటైతే కమాండ్లు బట్టీ పట్టే బాధ చాలావరకు తప్పుతుంది.

తెలుగు ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఇంకో తిరకాసు. చాలా టెర్మినళ్లలో గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఫైలు మాత్రం క్షేమమే. లెక్క విషయం వేరు. ‘తెలుగు’ అన్న మాట మన కంటికి మూడక్షరాలు. లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌ను హైఫన్ ఎంతో అడిగితే, గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కేసి ఆరంటుంది. హైఫన్ సీతో అడిగితే 18 బైట్లంటుంది. 1992లో థాంప్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు మరి.

మెకిల్‌రాయ్ ఆరు కమాండ్ల వరుస తెలుగు రచన మీద ఉన్నదున్నట్టు పనిచేయదు. మాటల్ని విడదీయడానికి అందులో వాడిన, అక్షరాలను మార్చే టీఆర్ కమాండ్‌కు ఆంగ్లాక్షరాలనే చెప్పారు. పైగా గ్నూ టీఆర్ ఒక్కో బైటునే చూస్తుంది కాబట్టి తెలుగక్షరాల పేర్లు చెప్పినా లాభం లేదు. అలాగని వదులుకోనక్కర్లేదు. ఖాళీ అనేది ఒక్క బైటే. ఖాళీలన్నిటినీ కొత్త వరుసలుగా మార్చమని టీఆర్‌కు చెప్పి, సార్ట్‌కు, అక్కణ్ణుంచి హైఫన్ సీతో యూనిక్‌కు, మళ్లీ హైఫన్ ఆర్‌ఎన్‌తో సార్ట్‌కు పంపితే, మీ కథలో ఏ మాట ఎక్కువసార్లు దొర్లిందో పైన కనిపిస్తుంది. కామాలు, చుక్కలు మాటలకు అంటుకుని వేరే మాటలుగా లెక్కకొస్తాయి. వాటిని తీసేయడానికి అన్నిటికన్నా ముందు హైఫన్ డితో ఇంకో టీఆర్ పెట్టుకోవాలి.